సెంటర్ ఫీల్డ్‌లో నేను చూడని బంతి

ఐదేళ్ళ క్రితం మా ఊరి తెలుగువాళ్ళం కలిసి వేసుకున్న ఉగాది సంచికలో నేనొక యాత్రా వ్యాసం రాశాను. ఒహాయో, ఇండియానా రాష్ట్రాల్లో నాలుగు రోజులపాటు బేస్‌బాల్ ఆటల వెంట తిరిగిన కథ అది. చాలామంది మెచ్చుకున్నారు. ముసలి అంపైరు తప్పుడు నిర్ణయం ఇచ్చి ఊరంతటి చేతా తిట్లు తిన్న ఘట్టం చదివి కడుపుబ్బ నవ్వామని ఫోన్లు చేశారు. ఆ తర్వాత ఏ పిక్నిక్‌కి వెళ్ళినా "రావుగారూ, ఆ క్యాచ్ సంగతి ఇంకోసారి చెప్పండి" అని అడిగి చెప్పించుకునేవారు.

ఆ వ్యాసంలో నేను ప్రేక్షకుల బల్లల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాను. నిజానికి ఆ సమయంలో నేను మైదానం మధ్యలో నిలబడి ఉన్నాను. ఆ తప్పుడు నిర్ణయం ఇచ్చింది నేను.

అదే దారిన మిమ్మల్ని మళ్ళీ తీసుకెళ్తాను. రోడ్లూ, తిండీ, ఊళ్ళూ అప్పుడు రాసినట్టే ఉన్నాయి. మనుషులే మారతారు.

నోవై: కాఫీ డబ్బాలో బురద

మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో మా ఫ్యాక్టరీ ఉంది, వాల్ట్ అక్కడ టూల్ రూంలో, అంటే పనిముట్లు తయారుచేసి సరిచేసే గదిలో, పనిచేసేవాడు. అప్పటికి యాభై ఆరేళ్ళు. పాత వ్యాసంలో అతనికి సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టాను. అవి నేను పెట్టినవే. వాల్ట్‌కి పేపరు చదవడానికి తప్ప అద్దాలు అక్కర్లేదు.

మా స్నేహం క్రికెట్ వల్ల మొదలైంది. ఆదివారాలు మేం కొందరం ఊరి పార్కులో క్రికెట్ ఆడుకునేవాళ్ళం. కాకినాడలో చదువుకునే రోజుల్లో నేను కాలేజీ మ్యాచ్‌లకి అంపైరింగ్ చేసినవాణ్ణి కనక, తెల్లకోటు వేసుకుని ఇక్కడా అదే పని చేసేవాణ్ణి. ఒకరోజు వాల్ట్ కంచె పక్కన కారాపుకుని చాలాసేపు చూశాడు. విరామంలో నా దగ్గరికొచ్చి అడిగాడు.

"వాళ్ళంతా కలిసి నీ మీద అరుస్తున్నారు, ఎందుకు?"

"అవుటా కాదా అని అడుగుతున్నారు. అడిగితేనే నేను చెప్పాలి."

"అడక్కపోతే?"

"అవుటైనా చెప్పను."

వాల్ట్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నా ఆటలో ఎవరూ అడగరు. ప్రతి బంతికీ నేనే ముందు నోరు తెరవాలి. తెరిచాక అందరూ అరుస్తారు."

అతను ఇరవై రెండేళ్ళుగా వేసవి సాయంత్రాలన్నీ అంపైరింగుకే ఇచ్చాడు. పెద్ద స్టేడియంలు కావు. పగలు మిల్లుల్లో, పోస్టాఫీసుల్లో పనిచేసి, సాయంత్రం ఊరి జట్టు చొక్కా తొడుక్కునే మనుషుల ఆటలు. నాకూ నేర్పాడు. రెండు వేసవులు పిల్లల ఆటలకి, పరిగెత్తేవాళ్ళు ఆగే బేస్‌ల దగ్గర నిలబడ్డాను, పేరు నమోదు చేయించుకుని కార్డు కూడా తీసుకున్నాను. మొదటిరోజు వాల్ట్ రెండు చేతులూ పక్కలకి చాపి చూపిస్తే "వైడ్ బాలా?" అన్నాను. కాదు. ఇక్కడ దానర్థం అవుట్ కాదని. క్యాచ్ నేలకి తగిలినా అదే సైగ.

వ్యాసం రాయడానికి ముందు ఏడాది జూలైలో ఊరి జట్ల టోర్నమెంటు వచ్చింది. మూడు ఊళ్ళలో ఆటలు, ఆదివారం ఫైనల్. అంపైర్లుగా వాల్ట్, అతని జోడీ అర్ల్. అర్ల్ ప్లంబరు, నోరు మూతపడని మనిషి. నాకు నాలుగు రోజులు సెలవుండటంతో చూడటానికి వెంట వెళ్ళాను.

బయలుదేరేముందు సుశీల కారు డిక్కీలోకి తొంగి చూసింది.

"ఏమండీ, ఈ డబ్బాలో బురదేమిటి?"

"బంతులకి రాయడానికి. కొత్త బంతి మరీ నున్నగా ఉంటుందిట, విసిరేవాడి చేతిలో జారుతుందిట."

"బురద కూడా ప్యాక్ చేసుకెళ్తున్నారా! పులిహోర డబ్బా పక్కన మాత్రం పెట్టకండి. రెండూ ఒకే రంగులో లేవు కాబట్టి సరిపోయింది."

అది వాల్ట్ తన ఇంటి వెనక వాగులోంచి తీసి, జల్లెడపట్టి, కాఫీ డబ్బాలో పెట్టుకున్న బురద. ఆటకి ముందు ఒక్కో బంతికీ అరచేతుల్తో రుద్దేవాడు. ఆ పని ఆ ప్రయాణంలో నాకిచ్చాడు.

ఒహాయో సరిహద్దు దాటుతుండగా, అర్ల్ వెనకసీట్లో గురక పెడుతున్నప్పుడు, వాల్ట్ అసలు సంగతి చెప్పాడు. ఫైనల్ చూడటానికి ఒక పెద్దమనిషి వస్తాడు. ఎప్పుడూ గడ్డి టోపీ పెట్టుకుంటాడు. ఆగస్టులో అన్ని రాష్ట్రాల జట్లూ కలిసే పోటీకి అంపైర్లని ఎంచేది ఆయనే. వాల్ట్‌ని రెండుసార్లు చూసి రెండుసార్లూ వదిలేశాడు.

"వచ్చే ఏడు మళ్ళీ చూస్తాడుగా" అన్నాను.

వాల్ట్ కుడిమోకాలు మీద చెయ్యేసుకున్నాడు. "డాక్టరు ఈ వేసవితో చాలన్నాడు. ప్లేట్ వెనక ఒక్కో ఆటకి కొన్ని వందలసార్లు గొంతుక్కూర్చోవాలి. వచ్చే ఏడు నేను ఇంట్లో కుర్చీలో కూర్చుంటాను."

 

ఒహాయో: సాసేజ్ లేని హాట్‌డాగ్

మొదటి ఊరు మొక్కజొన్న చేల మధ్య ఉంది. మైదానం చివరి కంచె దాటితే చేలే. బంతి అందులో పడితే ఆట ఆపి పదిమంది దిగి వెతికేవారు. జనం మడతకుర్చీలు మోసుకుని వచ్చారు. మన ఊళ్ళో హరికథకి చాపలు తెచ్చుకున్నట్టే, ఎవరి చోటు వాళ్ళది. తెలియక నేనొకచోట కూర్చుంటే ఒకాయన మర్యాదగానే లేపాడు. "ఆ చోటు మా పెద్దమ్మది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. అయినా అక్కడ ఎవరం కూర్చోం" అన్నాడు.

తిండి దగ్గర చిన్న తంటా. నేను మాంసం తినను. గుడారంలో హాట్‌డాగ్ డాలరు. సాసేజ్ లేకుండా రొట్టె, ఉల్లిపాయ, ఆవపిండి ముద్ద మాత్రం పెట్టమన్నాను. అమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పక్కావిడతో సంప్రదించి, నలభై సెంట్లు తీసుకుంది. తర్వాతి రోజు ఇంకో ఊళ్ళో అదే రొట్టెకి పూర్తి డాలరు తీసుకుని "తీసేసే కష్టం మాది కదా" అన్నారు.

ఆట మొదలయ్యేముందు వాల్ట్ చిన్న బ్రష్షుతో ప్లేట్‌ని, అంటే బంతి కొట్టేవాడి పక్కన నేలమీదుండే ఐదుమూలల తెల్లపలకని, తుడిచాడు. తుడిచే ముందు చుట్టూ తిరిగొచ్చి జనం వైపు మొహం పెట్టి వంగాడు. అంపైరు జనానికి వీపు పెట్టి వంగకూడదట. గుడిలోంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చే మా మేనత్త గుర్తొచ్చింది.

అంత మర్యాదకి జనం ఇచ్చిన బహుమానం వినాలి. అంపైర్ల చొక్కా రంగుని బట్టి వాళ్ళని "బ్లూ" అని పిలుస్తారు.

"ఏయ్ బ్లూ! మా కుక్క కంచె దగ్గర కట్టేసి ఉంది, దాన్ని పంపనా? నీకన్నా బాగా చూస్తుంది!"

"బ్లూ! ఇంటికి ఫోన్ చేసి మీ ఆవిణ్ణడుగు, స్ట్రయికో కాదో!"

నాకు చెవులు వేడెక్కాయి. ఆట అయ్యాక ఆ కుక్క యజమానే వాల్ట్‌కి నిమ్మరసం గ్లాసు తెచ్చిచ్చాడు. మోకాలు ఎలా ఉందని అడిగాడు. నా వైపు తిరిగి, "పదిహేనేళ్ళుగా తిడుతున్నాను ఇతన్ని. ఇతను రాని వేసవి వేసవిలా ఉండదు" అన్నాడు.

ఇండియానా: ఐస్ మూట

రెండో ఆట శనివారం మధ్యాహ్నం. ఎండ మండిపోతోంది. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఆరోది నడుస్తుండగా అర్ల్ బంతి వెంట వెనక్కి పరిగెత్తుతూ ఎలుక బొరియలో కాలు పెట్టాడు. చీలమండ అప్పడంలా పొంగింది. మిగతా ఆటంతా వాల్ట్ ఒక్కడే చూశాడు. ప్లేట్ వెనకనుంచి లేచి బేస్‌ల దాకా పరిగెత్తడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఆట అయ్యేసరికి మోకాలు దాచుకోలేకపోయాడు.

మేం దిగిన మోటెల్ ఒక గుజరాతీ ఆయనది. ఇద్దరు కుంటుకుంటూ, మధ్యలో నేను వాళ్ళ సంచులు మోస్తూ రావడం చూసి ఆయన హిందీలో అడిగాడు. "భాయీ సాబ్, యాక్సిడెంటా?"

"కాదు, బేస్‌బాల్."

"ఆడారా?"

"అంపైర్లు."

"అయితే జనం కొట్టారన్నమాట" అని ఆయనే తీర్మానించి, రెండు మూటల ఐసూ, అల్లం దంచి వేసిన టీ పంపాడు. టీకి డబ్బు తీసుకోలేదు.

అర్ల్ మంచం మీద కాలెత్తి పెట్టుకుని కిటికీలోంచి అరిచాడు. "వాల్ట్! నా బదులు ఇంకెవరూ దొరకరు. ఫోన్లు చేసి చూశా. రావ్‌కి కార్డుందిగా!"

వాల్ట్ నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత పార్కింగులోకి తీసుకెళ్ళాడు. ఎండ ఇంకా వాలలేదు. నాలుగు కార్ల మధ్య సుద్దతో బేస్‌లు గీశాడు. ఎవరు ఎక్కడుంటే నేనెక్కడ నిలబడాలో నడిపించి చూపించాడు. బేస్‌ల మీద మనుషులున్నప్పుడు సెంటర్ ఫీల్డ్‌లో, అంటే రెండో బేస్ వెనక దూరంగా, పట్టే క్యాచ్ నాదన్నాడు. దాన్ని తను ముట్టుకోడు.

"పొరపాటైతే నువ్వు మారుస్తావా?" అన్నాను.

"లేదు. ఒక అంపైర్ ఇచ్చింది ఇంకో అంపైర్ మార్చకూడదు. ఇచ్చినవాడే మార్చుకోవాలి. నీకు కనపడకపోతే నా దగ్గరికి రా. 'నువ్వేం చూశావు' అని అడుగు. నేను చూసింది చెబుతాను, నువ్వు మార్చుకుంటావు. అందులో సిగ్గేం లేదు. నువ్వు అడక్కపోతే మాత్రం నా నోట మాట రాదు."

"నేను చూశానంటే?"

"చూశానంటే ఇక అంతే. ప్రపంచమంతా వచ్చినా నీ పక్కన నిలబడతాను."

మోకాలికి ఐస్ మూట కట్టుకుని ఈ మాట చెప్పాడు. నేను ఇంజనీరింగు సూత్రాన్ని అప్పజెప్పినట్టు మళ్ళీ అప్పజెప్పాను.

పేరు రాయని ఊరు

ఫైనల్ జరిగిన ఊరి పేరు అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయను. సగం ఊరు చర్చి నుంచి నేరుగా మైదానానికే వచ్చింది. సొంత ఊరి జట్టు పదకొండేళ్ళ తర్వాత ఫైనల్లో ఆడుతోందని బట్టలకొట్టు కిటికీలో రాసి పెట్టారు.

నేను బల్ల మీద బంతులకి బురద రుద్దుతున్నాను. నీళ్ళు చిలకరించి, చింతపండు పిసికినట్టు పిసికి, తుడిచి పెట్టాలి. పొరుగూరి జట్టు సెంటర్ ఫీల్డర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, పోస్ట్‌మన్. పేరు డేల్.

"ఒకటి వాసన చూడనా?" అన్నాడు. బంతిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఉత్తరాలు మోసేటప్పుడు కూడా సంచిలో ఒక బంతి ఉంటుంది. మా ఆవిడకి చెప్పకండి." తన గ్లవ్ చూపించాడు. వాళ్ళ నాన్నది. తోలు చిరిగినచోట చెప్పుల దారంతో కుట్టుకున్నాడు. మంచివాడనుకున్నాను. ఇప్పటికీ మంచివాడనే అంటాను.

గడ్డి టోపీ ఆయన మొదటి వరసలో కూర్చున్నాడు. ఒళ్ళో చిన్న పుస్తకం.

ఆ రోజు వాల్ట్‌ని చూడాల్సింది. ప్రతి బంతికీ అదే వంగడం, అదే గొంతు. ఏడో ఇన్నింగ్స్ దాటేసరికి జనం తిట్టడం మానేశారు. ఆ ఊళ్ళలో అంతకన్నా పెద్ద మెప్పు లేదు. గడ్డి టోపీ ఆయన రెండుసార్లు ఏదో రాసుకుని తనలో తను తలాడించుకోవడం నాకు కనపడింది. నేను మాత్రం మధ్యలో నిలబడి చెమటలు కక్కుతున్నాను. అర్ల్ చొక్కా నాకు మోకాళ్ళదాకా ఉంది. ఎవరో "ఏయ్ బ్లూ, నైట్‌గౌన్‌లో వచ్చావేం?" అని అరిస్తే అందరూ నవ్వారు. ఆ నవ్వు నా వీపు మీద అలాగే ఉండిపోయింది.

ఆఖరి ఇన్నింగ్స్. సొంత ఊరి జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడు కూడా అవుటైతే ఆట ముగుస్తుంది. రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు. దెబ్బ తగిలి బంతి నేల మీద పడితే ఇద్దరూ ఇంటికి, అంటే ప్లేట్ దగ్గరికి, వచ్చి రెండు పరుగులు చేస్తారు, ఊరు గెలుస్తుంది. ఎవరైనా పట్టుకుంటే అంతా అయిపోయినట్టే.

బంతి తక్కువ ఎత్తులో సెంటర్ ఫీల్డ్ వైపు దూసుకెళ్ళింది. నేను తిరిగాను. రెండో బేస్ దగ్గరి ఫీల్డరు కూడా బంతి వెంట వెనక్కి పరిగెత్తాడు. అతని వీపు సరిగ్గా నా కళ్ళకి అడ్డం వచ్చింది. ఒక్క క్షణం. వీపు తొలగేసరికి డేల్ గడ్డి మీద బోర్లాపడి జారుతున్నాడు. గ్లవ్ పైకెత్తాడు. అందులో బంతి ఉంది.

నేను పరిగెత్తాను. పరిగెడుతూ, ఆలోచించకుండా, కాకినాడ మైదానంలో అడిగినట్టు అడిగాను.

"పట్టావా?"

మా దగ్గర అది తప్పు కాదు. అంపైరుకి కనపడనప్పుడు ఫీల్డరునే అడిగేవాళ్ళం. అబద్ధం ఆడినవాడు మర్నాడు క్యాంటీన్‌లో తలెత్తుకోలేకపోయేవాడు. ఒకసారి మా జట్టువాడే "లేదు సార్, నేలకి తగిలింది" అని చెప్పి మ్యాచ్ పోగొట్టాడు. ఆ సాయంత్రం అవతలి జట్టువాళ్ళు వాడికి టీ, పెసరట్టు ఇప్పించారు.

"పట్టాను సార్!" అన్నాడు డేల్.

నేను పిడికిలి పైకెత్తాను. అవుట్.

 అటు బల్లల మీంచి లేచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. సొంత ఊరి మేనేజరు వాల్ట్ మొహంలో మొహం పెట్టి "నేలకి తగిలింది! అడుగు నీ మనిషిని!" అని గోల పెడుతున్నాడు. వాల్ట్ అతన్ని అక్కడే నిలబెట్టి, కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. వీపు జనానికి పెట్టి, నాకొక్కడికే వినపడేలా అన్నాడు.

"చూశావా?"

ఒకే మాట. లేదంటే చాలు. "నువ్వేం చూశావు" అంటే చాలు. అతని చొక్కా భుజం మీంచి చూస్తే గడ్డి టోపీ ఆయన లేచి నిలబడి ఉన్నాడు. బల్లల మీంచి "నైట్‌గౌన్! ఇంటికి పో! ఏ దేశం నుంచి వచ్చావో అక్కడికే పో!" అని ఎవరిదో గొంతు. ఆ మైదానం మొత్తంలో నా రంగు మనిషి నేనొక్కణ్ణే. కనపడలేదని ఒప్పుకుంటే అందరూ అనుకుంటున్నదే నిజమైపోతుందని అనిపించింది.

"చూశాను" అన్నాను.

వాల్ట్ నా కళ్ళలోకి చూశాడు.  తర్వాత వెనక్కి తిరిగి, మేనేజరుకే కాక మొత్తం బల్లలకీ వినపడేలా చెప్పాడు.

"నా జోడీ చూశాడు. ఆట అయిపోయింది."

పనిముట్ల షెడ్డు

గడ్డి కోసే యంత్రం, సుద్ద బస్తాలు ఉండే షెడ్డే మా గది. పెట్రోలు వాసన. వాల్ట్ ఛాతీ కవచం విప్పుతుంటే బయట గోడ మీద ఏవో దబ్బు దబ్బుమని పడుతున్నాయి. నిమ్మరసం గ్లాసులు.

తలుపు తీసుకుని గడ్డి టోపీ ఆయన వచ్చాడు. ముందు వాల్ట్‌తో చెయ్యి కలిపాడు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అవతల ఆ పోస్ట్‌మన్ అందరికీ చెప్పి నవ్వుతున్నాడు. ఇరవై ఏళ్ళ ఆటలో మొదటిసారి ఒక అంపైరు తనని 'పట్టావా' అని అడిగాడట. 'అడిగితే ఏమంటాను, గ్లవ్ పైకెత్తడం నా పని, చూడటం వాళ్ళ పని' అంటున్నాడు."

 ఇక్కడ ఆటగాడు చెప్పినదాన్ని ఎవరూ అబద్ధం కింద లెక్కపెట్టరు. అది నాకప్పుడు అర్థమైంది.

ఆయన నావైపు చూశాడు. "మీరు క్యాచ్ చూశారా, లేదా?"

"చూశాను సర్. అలవాటు కొద్దీ అడిగాను, అంతే."

"వాల్ట్, ఇతనికి నేర్పింది మీరేనా?"

"నేనే."

"ఆటగాణ్ణి అడగమని నేర్పారా?"

నేను నోరు విప్పాల్సిన చోటు అది. ఆ అలవాటు నాదనీ, నా దేశపు మైదానాలదనీ, వాల్ట్ నేర్పింది వేరనీ చెప్పాలి. నేను బూట్ల లేసులు చూసుకుంటున్నాను.

"అడక్కూడదని నేర్పలేదు" అన్నాడు వాల్ట్. "అది నా పొరపాటు."

"ప్లేట్ దగ్గర్నుంచి మీకు సూటిగా కనిపించి ఉండాలి. మీరేం చూశారు?"

వాల్ట్ కవచం పట్టీలు ఒకటొకటిగా చుట్టి సంచిలో పెట్టాడు. నా వైపు చూడలేదు.

"నా జోడీ చూశాడు" అన్నాడు.

 ఆయన పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. "ప్లేట్ వెనక ఈ రోజు మీకన్నా బాగా ఎవరూ చేయలేరు, వాల్ట్. కానీ నేను పంపేది జంటని నడిపించేవాణ్ణి" అన్నాడు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

తిరుగుదారి

కారు నేనే నడిపాను. ఊరు దాటేదాకా ఎవరో పికప్ ట్రక్కులో మా వెనకే వచ్చి, హారన్ కొట్టి కొట్టి, పొలాల దగ్గర తిరిగి వెళ్ళిపోయారు. అర్ల్ వెనకసీట్లో కాలు చాపుకుని పడుకున్నాడు. ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాం. డిక్కీలో మిగిలిన పులిహోర తీస్తే వాల్ట్ ప్లాస్టిక్ చెంచాతో తిన్నాడు. వేరుశనగ పప్పులు చివరికి దాచుకుని తిన్నాడు. "మీ ఆవిడకి థాంక్స్ చెప్పు" అన్నాడు.

నోవై చేరేలోగా చెప్పేద్దామని ప్రతి ఎగ్జిట్ దగ్గరా అనుకున్నాను. వాల్ట్ మళ్ళీ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణని చాలాకాలం నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అతను ఒకసారి అడిగాడు. నేనూ జవాబిచ్చాను. అతని లెక్కలో అది ముగిసింది.

ఇంటి ముందు దిగేటప్పుడు కాఫీ డబ్బా నా చేతిలో పెట్టాడు. "ఉంచుకో. నాకిక అక్కర్లేదు."

టూల్ రూం గోడ

ఆ చలికాలం ఒక విందులో అందరూ బేస్‌బాల్ గురించి చెప్పమన్నారు. క్యాచ్ దగ్గరికి వచ్చేసరికి నా నోట్లోంచి "ముసలాడికి చూపు ఆనలేదు" అనే మాట వచ్చింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు హాయిగా ఉంది. నైట్‌గౌన్ నవ్వు వీపు మీంచి దిగినట్టనిపించింది. ఉగాదికి దాన్నే రాసిచ్చాను. వాల్ట్ ప్లేట్ తుడుస్తున్న ఫొటో కూడా వేశారు.

ఫొటో పడిందని ఎవరి ద్వారానో తెలిసి వాల్ట్ ఒక కాపీ అడిగాడు. ఇవ్వక తప్పలేదు. ఆ పేజీని టూల్ రూం గోడకి నాలుగు అయస్కాంతాలతో అంటించుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. "ఇది నేనే. నా గురించి రావ్ వాళ్ళ భాషలో రాశాడు." ఒకసారి నా ముందే ఎవరో అడిగారు, ఇందులో ఏం రాశారని. వాల్ట్ నావైపు చూశాడు. "మంచి అంపైర్ అని రాశాను" అన్నాను.

ఐదేళ్ళపాటు ఏ డ్రాయింగు పని మీద టూల్ రూంకి వెళ్ళినా ఆ పేజీకి వీపు పెట్టి నిలబడేవాణ్ణి.

ఈ వసంతంలో వాల్ట్ రిటైరయ్యాడు. చివరిరోజు అతను పనిముట్లు సర్దుకుంటుంటే సాయం చేయడానికి వెళ్ళాను. అన్నీ అయ్యాక గోడ మీంచి ఆ పేజీ తీశాడు. పసుపురంగు తిరిగింది.

"రావ్, ఒకటి అడగాలి" అన్నాడు. "పోయిన వారం మీ డిపార్ట్‌మెంటుకి కొత్తగా వచ్చిన, మీ భాష తెలిసిన కుర్రాడు స్పానర్ కోసం వచ్చాడు. దీన్ని చదవమన్నాను. సగం చదివి 'నాకు సరిగ్గా అర్థం కావట్లేదు' అన్నాడు. మొహం ఎర్రబడింది. అతనికి బాగానే అర్థమైందని నాకనిపించింది. ఆ క్యాచ్ గురించి ఇందులో ఏం రాశావు?"

నేను స్టూలు మీద కూర్చున్నాను. రాసింది రాసినట్టు చెప్పాను. కళ్ళద్దాలు, వేరుశనక్కాయలు, ముసలాడు, అన్నీ. వాల్ట్ నిలబడే విన్నాడు. చెయ్యి మోకాలు మీదికి వెళ్ళింది.

"నేను చూడలేదు, వాల్ట్. ఆ రోజు నాకు కనపడలేదు."

 మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగింది. మెషీన్లు ఒక్కొక్కటే ఆగాయి.

అప్పుడు పార్కింగులో నేర్పిన మాట అడిగాను. ఐదేళ్ళు ఆలస్యంగా.

"నువ్వేం చూశావు?"

"నేలకి తగిలింది" అన్నాడు వాల్ట్ వెంటనే. ఆ జవాబు అంతకాలమూ అతని నాలుక చివరే ఉన్నట్టుంది. "గ్లవ్‌కి ఒక అడుగు ముందు. దుమ్ము లేచింది."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఆయన నిన్ను అడిగాడు కదా. చెబితే నిన్ను పంపేవాడు."

"ఆయన నా జోడీ కాదు" అన్నాడు వాల్ట్. పేజీని నా ఒళ్ళో పెట్టాడు.  "ఇది నాకొద్దు. నువ్విచ్చిన నిర్ణయం నేను మార్చలేను, రావ్. నువ్వే మార్చాలి. ఎక్కడ ఇచ్చావో అక్కడ."

మళ్ళీ ఆ ఊరి మైదానానికి వెళ్ళి నిలబడి చెప్పే అవకాశం నాకు లేదు. ఆ రోజు ఓడి ఇళ్ళకు వెళ్ళినవాళ్ళకి నా గొంతు వినపడదు. నేను రెండోసారి ఆ నిర్ణయం ఇచ్చింది మన ఉగాది సంచిక పేజీల్లో. మీరు నవ్వింది ఇక్కడే. అందుకని ఇక్కడే మారుస్తున్నాను.

బంతి నేలకి తగిలింది. చూసినవాడు వాల్ట్. చూడనివాణ్ణి నేను. రెండు చేతులూ పక్కలకి చాపాను. అవుట్ కాదు. రెండో బేస్ మీంచీ, మూడో బేస్ మీంచీ పరిగెత్తినవాళ్ళిద్దరూ ఇంటికి చేరారు. ఆ ఊరు గెలిచింది.